రెండింటికీ పనికొస్తుందని అమ్మే హైబ్రిడ్ కానోపీతో జాగ్రత్త

నిన్నటి నుంచి నిద్ర లేదు, కోపం తగ్గలేదు. అందుకే వెంటనే రాస్తున్నా. విమానం నుంచి దూకొచ్చు, కొండ మీద నుంచి పరిగెత్తి ఎగరొచ్చు, రెండూ ఒకే కానోపీతో, అంటే పారాచూట్ గుడ్డ రెక్కతో, అంటూ పాతవి అమ్మే ఆయన మీలో చాలామందికి తెలుసు. ఆయన దగ్గరే కొన్నాను.

మామూలు స్కైడైవింగ్ కానోపీ ఒక మీటరు దిగేలోపు ఇంచుమించు 3 మీటర్లు ముందుకెళ్తుంది, కొండ మీద నుంచి ఎగిరే పారాగ్లైడర్ 8కి పైనే. విమానం నుంచి దూకి కూడా అంత దూరం తేలొచ్చన్న ఆశ అక్కడ పుట్టింది. పైగా రెండూ ఒకే ఇంటి పిల్లలు. 1978లో ఫ్రాన్స్‌లోని మియూసీలో స్కైడైవర్లు తమ పారాచూట్లతోనే కొండ మీద నుంచి ఎగిరారు. రెండూ మళ్లీ కలిస్తే తప్పేముంది అనుకున్నా. ఫొటోలో స్లైడర్ ఉంది, అంటే కానోపీ ఒక్కసారిగా విచ్చుకోకుండా లైన్ల (తాళ్ల) మీద జారే గుడ్డ ముక్క. కానోపీని సంచిలోంచి బయటికి లాగే చిన్న పైలట్ చూట్‌ని తగిలించే రింగ్ కూడా ఉంది. డబ్బు పంపేశా.

పారాచూట్లు తనిఖీ చేసి బాగుచేసే మా రిగ్గర్ దాన్ని నేల మీద పరిచి, మధ్య సెల్‌లోకి (గాలి నిండే గదిలోకి) తల దూర్చి టార్చ్ వేసి చూశారు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత నన్ను పిలిచి వేలు పెట్టి చూపించారు. రింగ్ దగ్గర దారం నల్లగా, కొత్తగా మెరుస్తోంది. మిగతా కుట్లన్నీ వెలిసిన తెలుపు. లోపల బరువు మోసే పట్టీ ఒక్కటీ లేదు. పల్చటి గుడ్డకే నేరుగా కుట్టేశారు. "ఇది కొండ మీద నుంచి ఎగిరే స్పీడ్ వింగ్. దీనికి ఎవరో స్లైడర్ తగిలించారు" అన్నారు.

గంటకు 190 కిలోమీటర్ల వేగంతో పడుతూ తెరిస్తే వచ్చే కుదుపు, నేల మీదే గాలి నింపుకుని లేచే రెక్కకు ఎప్పుడూ రాదు. అందుకే దానికి సన్నటి లైన్లు, తేలిక గుడ్డ. స్లైడర్ కానోపీ తెరుచుకోవడాన్ని నెమ్మది చేస్తుంది గానీ, లోపల లేని పట్టీలను తెచ్చిపెట్టదు కదా!

లేబుల్ ఉండాల్సిన చోట సూది రంధ్రాలే ఉన్నాయి. అది నేను ప్యాకెట్ విప్పినరోజే చూశా. అమ్మినాయన్ని అడిగితే "ఊడిపోయింది" అన్నారు, సరే అన్నాను. అలా అన్నందుకు నన్ను నేను క్షమించుకోలేకపోతున్నా.

ఆయనకు ఫోన్ చేశా. చేతులు వణుకుతున్నాయి. లోపల పట్టీలు లేవండీ, మీకు తెలుసా అని అడిగా.

"తెలుసు. నువ్వింకా దూకలేదుగా, నీకేం నష్టం?" అన్నాడు.

తెలుసంట! నాకూ ఎవరో ఇలాగే అమ్మారు అని ఉంటే ఇంత మండేది కాదు. శనివారం దీంతో దూకుతున్నానని ముందే చెప్పాను. "జాగ్రత్తగా ల్యాండ్ అవ్వు" అని మెసేజ్ పెట్టింది ఈ మనిషే. ఆ మెసేజ్ ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది. డబ్బు వెనక్కివ్వమంటే "ఇంకెవరికైనా అమ్ముకో" అని పెట్టేశాడు. మళ్లీ చేస్తే ఎత్తడం లేదు.

కొనేముందు సీరియల్ నంబర్ తీసుకుని, ఫ్రీఫాల్‌లో (విమానం నుంచి దూకి వేగంగా పడుతున్నప్పుడు) తెరవడానికే చేశారా అని తయారీ కంపెనీని అడగండి. లేబుల్ లేకపోతే వదిలేయండి. డబ్బు ఇవ్వకముందే రిగ్గర్‌కి చూపించండి. రిజర్వ్ (అత్యవసరానికి ఉంచే రెండో పారాచూట్) ఉందిగా అనుకోకండి.

నాది నీలం రంగుది, ఎవరికీ అమ్మను. ఇలాంటిదే ఎర్రది నిన్న అమ్మకానికి పెట్టాడు. దానికి ఎవరైనా అడ్వాన్స్ ఇచ్చి ఉంటే, దయచేసి దాంతో దూకకండి.