పత్తాలు పడేయడం నేర్పే టీవీ షో: ‘హై స్టేక్స్ పోకర్’ ఎంతవరకు పనికొస్తుంది?

మన దిక్కు మూడు ముక్కలాటలో ప్యాక్ చేసినవాడి చేతిలో ఏముండెనో ఎవరికీ తెలియదు. పత్తాలు కట్టలో కలిసిపోతాయి. వాడు బెదిరి పడేశాడా, లెక్క చూసి పడేశాడా అన్నది తేలకుండానే తర్వాతి ఆట మొదలవుతుంది. టీవీ పోకర్ గొప్పతనం సరిగ్గా ఇక్కడే ఉంది. పడేసిన పత్తాలు కూడా మనకు కనిపిస్తాయి. పత్తాలను కెమెరాకు చూపించే టేబుల్‌కు 1990లలో పేటెంట్ తీసుకున్న హెన్రీ ఓరెన్‌స్టీన్ అనే బొమ్మల వ్యాపారే తర్వాత ‘హై స్టేక్స్ పోకర్’ షో వెనుక నిలిచాడు. ఇప్పటి స్టూడియోల్లో పత్తాల లోపలే చిప్ ఉండి, టేబుల్ వాటిని చదువుతుంది.

ఈ రివ్యూలో షోను ఒక్క కోణంలోనే చూస్తున్నాం: పెద్ద డబ్బు మీదికి వచ్చినప్పుడు ఫోల్డ్ చేయడం (పత్తాలు పడేయడం) సరైనదా కాదా అని తేల్చుకోవడం ఈ షో చూసి నేర్చుకోవచ్చా? నేర్చుకోవచ్చు. కాకపోతే షో చూపించినట్టు చూస్తే తప్పే నేర్చుకుంటాం.

ముందు చట్టం సంగతి. తెలంగాణలో 2017లో గేమింగ్ చట్టాన్ని సవరించి, నైపుణ్యం ఆటలకు ఉన్న మినహాయింపును కూడా తీసేశారు. 2025లో కేంద్రం తెచ్చిన చట్టంతో ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడించే ఆటలు దేశమంతటా ఆగిపోయాయి. కాబట్టి హన్మకొండలో కూర్చున్న మనకు ఇది చూసి, లెక్క వేసి, స్నేహితులతో వాదించుకునే వస్తువు. చింతగింజలు పెట్టి ఆడుకున్నా ఇక్కడ చెప్పే లెక్కలన్నీ పనిచేస్తాయి.

షో 2006 జనవరిలో అమెరికాలోని జీఎస్‌ఎన్ చానెల్‌లో మొదలైంది. ఏడు సీజన్ల తర్వాత 2011లో ఆగి, 2020 డిసెంబరులో పోకర్‌గోలో తిరిగి వచ్చింది. టోర్నమెంటు కాదు, క్యాష్ గేమ్. టేబుల్ మీద ఉన్నది ఆటగాడి సొంత డబ్బు. మొదట్లో కూర్చోవడానికే కనీసం లక్ష డాలర్లు తేవాలి, నాలుగో సీజన్‌లో ఒక ఆటకు అది 5 లక్షలైంది. మన రమ్మీలో డ్రాప్‌కు ధర ముందే కట్టి ఉంటుంది. మొదటి డ్రాప్‌కు 20, నడుమ డ్రాప్‌కు 40, ఉండి ఓడితే ఎక్కువలో ఎక్కువ 80. పోకర్‌లో అట్లా కాదు. ధరను ప్రతిసారీ ఎదుటివాడు నిర్ణయిస్తాడు. అందుకే అక్కడ ఫోల్డ్ కష్టం.

షో ఇక్కడే మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. తెరమీద ప్రతి ఆటగాడి పక్కన గెలుపు శాతం కనిపిస్తుంది. అందరి పత్తాలూ తెలిసిన కంప్యూటర్ వేసిన లెక్క అది. ఆటగాడికి తెలిసింది తన రెండు పత్తాలు, మధ్యలో పరిచినవి, ఎదుటివాడు ఇప్పటివరకు పెట్టిన బెట్లు, అంతే. 82 శాతం ఉన్నవాడు పడేశాడని మనం నవ్వుతాం. ఆ 82 వాడికి ఎప్పుడూ కనిపించలేదు. శాతాన్ని చూసి ఫోల్డ్‌ను తీర్పు చెప్పడమంటే, పరీక్ష రాసేవాడిని జవాబు పత్రం చేతిలో పెట్టుకుని తిట్టడమే.

తీర్పుకు కావలసిన మొదటి అంకె వేరు. రివర్‌లో, అంటే మధ్యలో చివరి పత్తా పరిచాక, పాట్ (అప్పటికి పోగైన డబ్బు) పి, బెట్ బి అనుకుంటే, కాల్ చేయడానికి (అంతే డబ్బు వేసి నిలబడడానికి) కావలసిన గెలుపు భాగం బి ÷ (పి + 2బి). సగం పాట్ బెట్ వస్తే 25 శాతం, పూర్తి పాట్ వస్తే 33, రెండు పాట్లంత బెట్ వస్తే 40. ఈ మూడూ నోటికి వస్తే షోలో సగం చర్చలు తేలిపోతాయి. మిగతా సగం కాంబోల లెక్క: నన్ను కొట్టే పత్తాల జతలు ఎన్ని, నా చేతిలో ఓడే జతలు ఎన్ని.

రెండో సీజన్‌లో గస్ హాన్సెన్, డేనియల్ నెగ్రాను ఆడిన హ్యాండ్ ఈ లెక్కకు మంచి పాఠం. నెగ్రాను చేతిలో రెండు ఆరులు, హాన్సెన్ చేతిలో రెండు ఐదులు. ఫ్లాప్ (మధ్యలో పరిచే మొదటి మూడు పత్తాలు) 9, 6, 5. టర్న్ (నాలుగో పత్తా) ఇంకో 5. రివర్ 8. రివర్‌లో నెగ్రాను 65,000 పెట్టాడు, హాన్సెన్ మొత్తం 2,32,000తో ఆల్ ఇన్ (ఉన్నదంతా పెట్టడం) అన్నాడు. నెగ్రాను ఇంకా 1,67,000 వేయాలి. వేశాడు, ఓడాడు. పాట్ 5,75,700 డాలర్లకు చేరింది. ఎదుట నాలుగు ఐదులున్నాయి గనుక పడేయాల్సిందని చాలామంది అంటారు.

లెక్క వేద్దాం. 1,67,000ను 5,75,700తో భాగిస్తే 29 శాతం. నెగ్రానుకు ఉన్నది మూడు ఆరులు, రెండు ఐదుల ఫుల్ హౌస్. దాన్ని కొట్టేవి ఏవి? రెండు తొమ్మిదులు (3 కాంబోలు), రెండు ఎనిమిదులు (3), రెండు ఐదులు (1). మొత్తం 7. ఏడు కాంబోలకు ఎదురుగా 29 శాతం రావాలంటే ఓడిపోయే కాంబోలు మూడు ఉంటే చాలు. 9-5, 8-5, 6-5 చిన్న ఫుల్ హౌసులు. 7 ఉన్న ప్రతి చేతికీ స్ట్రెయిట్ (వరుసగా ఐదు పత్తాలు) వస్తుంది. ఆసు-5 కూడా ఉంది. ఆ మూడు కాంబోలు దొరకకపోవడం జరగదు. పైగా హాన్సెన్ ఫ్లాప్‌లో బెట్‌ను 26,000కు పెంచాడు (రైజ్), ఎనిమిదుల జతతో అట్లా పెంచి ఇక్కడిదాకా రావడమే కష్టం. అంటే కొట్టేవి ఇంకా తగ్గుతాయి. కాల్ సరైనదే. ఓడినంత మాత్రాన అది చేయవలసిన ఫోల్డ్ కాలేదు.

ఇంకా లోతైన హ్యాండ్ 2009లో వచ్చిన ఐదో సీజన్‌లో ఉంది. ఫోల్డ్ గురించి ఒక్క హ్యాండే చూస్తానంటే ఇదే చూడండి. బారీ గ్రీన్‌స్టీన్‌కు రెండు ఆసులు, టామ్ డ్వాన్‌కు రాణి-10, అంతకు ముందు ఏడాది ప్రపంచ చాంపియన్ అయిన పీటర్ ఈస్ట్‌గేట్‌కు 4-2. గ్రీన్‌స్టీన్ 2,500కు రైజ్ చేస్తే టేబుల్ అంతా కాల్ చేసింది. ఫ్లాప్ 2, 10, 2. గ్రీన్‌స్టీన్ 10,000 పెట్టాడు. డ్వాన్ 37,300 చేశాడు. మిగతా ఇద్దరూ కాల్. టర్న్ 7. డ్వాన్ 1,04,200 పెట్టాడు. ముగ్గురిలో తక్కువ చెయ్యి అతనిదే. అయినా ఇద్దరూ పడేశారు.

ఇద్దరినీ బ్లఫ్ చేశాడని ఒకే గాటన కట్టేస్తారు. ఆ రెండు ఫోల్డులు ఒక్కటి కావు.

గ్రీన్‌స్టీన్ ఫోల్డ్ చూడండి. అంతమంది ఉన్న పాట్‌లో బెట్, దాని మీద రైజ్ వచ్చాక కూడా ఈస్ట్‌గేట్ 37,300 కాల్ చేశాడు. 2-10-2 మీద అట్లా కాల్ చేసేవాడి చేతిలో 2 ఉండడానికే అవకాశం ఎక్కువ. నిజంగా ఉంది కూడా. అట్లా కాల్ చేసినవాడి ఎదుట కూడా డ్వాన్ మళ్లీ 1,04,200 పెట్టాడు కాబట్టి, అతని చేతిలో ఆసులను కొట్టేదే ఉందనుకోవడం సహజం. ఆసులు పడేయడం పూర్తిగా సరైనది.

ఈస్ట్‌గేట్ సంగతి వేరు. బెట్‌కు ముందు పాట్ సుమారు 1,33,000. 1,04,200 కాల్ చేయాలంటే 30 శాతం పైచిలుకు కావాలి. టేబుల్ మీద రెండు 2లు, అతని చేతిలో ఒకటి. పేకలో మిగిలిన 2 ఒక్కటే. కొట్టేవి రెండు పదులు 3 కాంబోలు, రెండు ఏడులు 3, ఆ మిగిలిన ఒక్క 2తో కట్టే కొన్ని జతలు. అన్నీ కలిపినా పదికి అటూ ఇటూ. దానికి ఎదురుగా ఐదు కాంబోలు చాలు. ఆసు-10 ఒక్కటే అతని వైపు నుంచి చూస్తే 12 కాంబోలు. ఈ లెక్కన ఆ ఫోల్డ్ మరీ బిగువు, అంటే అతి జాగ్రత్త. అయితే అతని వైపు రెండు కారణాలున్నాయి, వాటిని కొట్టిపారేయలేం. గ్రీన్‌స్టీన్ ఇంకా ఆటలోనే ఉన్నాడు. ఇది రివర్ కాదు, టర్న్. ఇప్పుడు 1,04,200 వేస్తే రివర్‌లో ఇంకా పెద్ద బెట్ వచ్చే ప్రమాదం ఉంది. పై సూత్రం బెట్లు ఇక అయిపోయినప్పుడు మాత్రమే నికరంగా పనిచేస్తుంది. టర్న్‌లో దానికి కొంత కలుపుకోవాలి, ఎంత కలపాలన్నది మిగిలిన స్టాక్ (ఆటగాడి ముందున్న డబ్బు)ను బట్టి ఉంటుంది. తెరమీద స్టాక్ చాలాసార్లు కనిపించకపోవడం ఈ షోలో నిజమైన లోపం. పాత సీజన్లలో ఈ ఇబ్బంది ఎక్కువ.

డ్వాన్ వైపు నుంచి కూడా ఒక చిన్న లెక్క ఉంది. అతని చేతిలో ఒక 10, నేల మీద ఇంకొకటి. రెండు పదుల కాంబోలు మూడు నుంచి ఒకటికి పడిపోయాయి. తనను కాల్ చేయగల పెద్ద చెయ్యి ఎదుట ఉండే అవకాశాన్ని తన పత్తే తగ్గించింది. బ్లాకర్ అంటే ఇదే.

షో రెండో లోపం కత్తిరింపు. గంటలకొద్దీ ఆడిన ఆటలోంచి కొన్ని హ్యాండ్లే ఎపిసోడ్‌లోకి వస్తాయి. మామూలు ఫోల్డులు, అంటే ఆటలో నూటికి ఎక్కువ భాగం, తెర మీదికి రావు. నాలుగు ఎపిసోడ్లు వరుసగా చూస్తే పెద్ద బెట్ పెట్టిన ప్రతివాడూ బ్లఫ్ చేస్తున్నట్టే అనిపిస్తుంది. ఆ అలవాటుతో దీపావళి రాత్రి చింతగింజల ఆటలో కూర్చుంటే అన్నిటికీ కాల్ చేస్తారు, గింజలు అయిపోతాయి.

దీనికి మందు లైవ్ స్ట్రీములు. కాలిఫోర్నియాలోని గార్డెనాలో 2021లో మొదలైన హస్లర్ కాసినో లైవ్ యూట్యూబ్‌లో ఉచితం. హ్యాండ్ మీద హ్యాండ్ వస్తూనే ఉంటుంది. అక్కడ సాయంత్రమంటే మనకు మరుసటి పొద్దున, కాజీపేట నుంచి రైలెక్కేవాళ్లు దారిలో చూసుకోవచ్చు. 2023 మేలో డ్వాన్ రెండు రాణులతో, వెస్లీ అనే ఆటగాడి ఆసు-రాజు బ్లఫ్‌ను కాల్ చేసిన హ్యాండ్ అక్కడిదే. పాట్ 30 లక్షల డాలర్లు దాటింది. డ్వాన్ ఆలోచించిన ఆ నిమిషాలను తోసేయకుండా చూడాలి. నిర్ణయం ఎట్లా తయారవుతుందో కత్తిరించని వీడియోలోనే తెలుస్తుంది. నాణ్యత మాత్రం ఒకే తీరుగా ఉండదు. డబ్బు లెక్కచేయని వ్యాపారులు కూర్చున్న రోజున మన కాంబోల లెక్క సగమే పనిచేస్తుంది, ఎందుకంటే వాళ్లు ఏ జతతోనైనా వస్తారు. అట్లాంటివాళ్లకు ఎదురుగా ఫోల్డ్ తక్కువ చేయాలన్నది నిజమే. కానీ ఆ పాఠాన్ని తీసుకొచ్చి అందరి మీదా వాడొద్దు.

స్ట్రాడిల్‌ను (పత్తాలు చూడకముందే పెట్టే అదనపు బ్లైండ్) చాలామంది పట్టించుకోరు. బ్లైండ్లు (పత్తాలు పంచకముందే తప్పనిసరిగా పెట్టే బెట్లు) 400, 800 ఉన్నప్పుడు 2 లక్షల స్టాక్ అంటే 250 బ్లైండ్లు. ఎవరైనా 1,600 స్ట్రాడిల్ పెడితే అదే స్టాక్ 125 అయిపోతుంది. లోతు సగమైతే ఒక జతతో ఆల్ ఇన్‌కు కాల్ చేయడం తేలికవుతుంది. రన్ ఇట్ ట్వైస్ గురించి కూడా అపోహ ఉంది. రివర్‌ను రెండుసార్లు తిప్పినా సగటు రాబడి మారదు, ఊగిసలాట మాత్రమే తగ్గుతుంది. ఫోల్డ్ సరైనదా అన్న లెక్కలో దానికి చోటు లేదు.

ఇంకొకటి. పూర్తి పాట్ బెట్‌కు సగం సార్లన్నా నిలబడాలన్న సూత్రం యూట్యూబ్ కామెంట్లలో బాగా తిరుగుతుంది. ఆ సగం ఆ చోటికి వచ్చే మన చేతులన్నిటినీ కలిపి చెప్పిన మాట, చేతిలో ఉన్న ఒక్క జతకు కాదు. ముగ్గురు ఉన్న పాట్‌లో ఆ భారం పంచుకునేవాడు ఇంకొకడు ఉంటాడు, కాబట్టి ఒక్కొక్కరు ఇంకా ఎక్కువ పడేయవచ్చు.

వ్యాఖ్యానం విషయానికి వస్తే, పాత సీజన్లలో గేబ్ కాప్లాన్ సరదాగా నడిపిస్తాడు. కానీ అందరి పత్తాలూ చూస్తూ మాట్లాడతాడు, కాబట్టి నేర్చుకునేవాడు మొదటిసారి మ్యూట్ పెట్టాలి. తర్వాతి సీజన్లలో వచ్చిన నిక్ షుల్‌మన్ స్వయంగా పెద్ద ఆటగాడు. ఎదుటివాడికి ఏమేం ఉండవచ్చో విప్పి చెబుతాడు. ఫోల్డ్ నేర్చుకోవడానికి ఆయన మాటలే ఎక్కువ ఉపయోగం.

చూసే పద్ధతి ఇట్లా పెట్టుకోండి. తెరమీద పత్తాలు, శాతం వచ్చేచోట కాగితం పట్టీ అంటించాలి. మీరు ఎవరి వైపు నుంచి ఆడుతున్నారో ఆ ఒక్కరి పత్తాలు మాత్రం చూసుకోవాలి. పెద్ద బెట్ రాగానే ఆపి, నోట్‌బుక్‌లో పాట్, బెట్, ఎంతమంది మిగిలారు, ఎవరు తర్వాత ఆడతారు అన్నవి రాయాలి. కావలసిన శాతం వేయాలి. కొట్టే కాంబోలు ఎడమవైపు, ఓడే కాంబోలు కుడివైపు. ఆ తర్వాతే నిర్ణయం రాసి, వీడియో నడిపించాలి. పత్తాలు తెరిచాక రాసినదాన్ని దిద్దొద్దు. గంటలో మూడు హ్యాండ్లు ఇట్లా చేస్తే చాలు. పది చూడాలని పరిగెత్తితే కాంబోలు రాయకుండా ఊహ మీద పోతారు, అక్కడే అభ్యాసం చెడిపోతుంది.

డబ్బు సంగతి: పోకర్‌గో చందా డాలర్లలో కట్టాలి, మొదలుపెట్టేవాళ్లకు ఏడాది చందా అక్కరలేదు. పాత సీజన్ల పేరున్న హ్యాండ్లు చాలావరకు యూట్యూబ్‌లో ఉచితంగా దొరుకుతాయి. అవి అయ్యాక ఒక నెలకు కట్టి, షుల్‌మన్ ఉన్న సీజన్లు చూసి ఆపేయవచ్చు. ఫోల్డ్ నేర్చుకునే వస్తువుగా షోకు మా మార్కులు 5కు 4. కాగితం పట్టీ లేకుండా చూస్తే 2.