ఫ్రాన్సెజీన్యానా, బిఫానానా: పోర్తోలో ఒక్క పూటే ఉంటే ఏది తినాలి?

పోర్చుగల్ వెళ్తున్న స్నేహితులందరూ ఈ మధ్య ఇదే అడుగుతున్నారు. పోయిన నెల పోర్తోలో నాలుగు రోజులుండి ఈ రెండు రకాల శాండ్‌విచ్‌లూ ఒకటికి రెండుసార్లు తిన్నాను కాబట్టి ఒకేసారి రాసేస్తున్నా.

ఫ్రాన్సెజీన్యా ఊరికి గర్వకారణం. ఫ్రాన్స్‌లో పనిచేసి వచ్చిన ఒకాయన 1950ల్లో అక్కడి క్రోక్ మస్యూర్ అనే హామ్, చీజ్ శాండ్‌విచ్‌ని పోర్తో జనం నాలుకకు తగ్గట్టు మార్చాడని చెబుతారు. హామ్, సాసేజ్, బీఫ్ స్టేక్, పైన కరిగిన చీజ్, దాని మీద టమాటా, బీరు కలిపి కాచిన సాస్. ఒక్కరు పూర్తిగా తినడం కష్టం, ఇద్దరు పంచుకుంటే చాలు.

నా మటుకు తేల్చేది రుచి కాదు, రద్దీ. ఇవి దొరికే చిన్న చిన్న హోటళ్లు ఎప్పుడూ కిటకిటలాడుతూనే ఉంటాయి, ఆ రద్దీలో ఏ వంట బాగుపడుతుంది, ఏది పాడవుతుంది అన్నదే చూడాలి. ఫ్రాన్సెజీన్యాని ప్లేటు ప్లేటుకీ విడిగా పేర్చి, చీజ్ కరిగించి, సాస్ మరుగుతున్నప్పుడే పోయాలి. మొదటిసారి రాత్రి ఎనిమిదిన్నరకి వెళ్లి వీధిలో యాభై నిమిషాలు నిలబడ్డాను, తీరా సాస్ గోరువెచ్చగా వచ్చింది, చీజ్ అప్పటికే గట్టిపడింది. ఇంకో చోట మధ్యాహ్నం మూడింటికి, జనం పలచబడ్డాక తిన్నది మాత్రం అద్భుతం.

బిఫానా దీనికి పూర్తిగా వ్యతిరేకం. కౌంటర్ పక్కనే వెడల్పాటి గిన్నెలో పలచటి పంది మాంసం ముక్కలు వెల్లుల్లి, వైట్ వైన్, మిరపకారం పడిన పులుసులో పొద్దున్నుంచీ ఉడుకుతూ ఉంటాయి, అడిగిన వెంటనే ఫోర్కుతో తీసి, రొట్టెలో కూరి చేతికిస్తారు. జనం ఎంత ఎక్కువుంటే గిన్నెలో అంత తాజా మాంసం పడుతుంది, అడుగున పులుసు మాత్రం సాయంత్రానికి చిక్కబడి ఇంకా బాగుంటుంది. గోవాలో వండే విందాలూ అనే మాంసం కూరకి మూలం కూడా పోర్చుగీసుల వైన్-వెల్లుల్లి ఊరవేతే, మనకు మిరపకాయ తెచ్చిందీ వాళ్లే. అందుకేనేమో మొదటి ముద్దకే నాకు ఇంటి తిండిలా అనిపించింది. ధర కూడా ఫ్రాన్సెజీన్యాలో నాలుగో వంతు ఉంటుంది, అంతే.

కషోర్రిన్యు అనే కరకరలాడే చిన్న హాట్ డాగ్, రొయ్యల రిసోల్ (లోపల రొయ్యలు పెట్టి నూనెలో వేయించే కజ్జికాయ లాంటిది) కూడా దొరుకుతాయి. బాగుంటాయి, కానీ ఉన్నది ఒక్క పూటైతే వదిలేయొచ్చు.

కాబట్టి నా ఓటు బిఫానాకే. కౌంటర్ దగ్గరే నిలబడి తినండి, రొట్టె మీద ఇంకొంచెం పులుసు పోయమని అడగండి, తోడుగా చిన్న గ్లాసు బీరు కావాలంటే అక్కడ 'ఫీను' అనాలి. ఫ్రాన్సెజీన్యానే తినాలనుకుంటే మూడు, నాలుగు గంటల మధ్య వెళ్లండి. మాంసం తినని వాళ్లకు కొన్ని చోట్ల కూరగాయలతో చేసిన ఫ్రాన్సెజీన్యా ఉంటుంది, కానీ సాస్‌లో మాంసం రసం కలిపారేమో ముందే అడిగి తీసుకోండి.