వైనరీకి చోటు వెతుక్కుంటూ కోనసీమలో ఐదు రోజులు

రావులపాలెం అరటి మార్కెట్ చూడాలంటే తెల్లారకముందే వెళ్ళాలి. అందుకే మొదటి రాత్రి హైవే పక్క లాడ్జిలో దిగాం. గది పదకొండు వందలు. దుప్పట్లు ఉతికినవే, వేణ్ణీళ్ళు అడగ్గానే వచ్చాయి. రోడ్డు వైపు గది ఇస్తే మాత్రం లారీల మోతకి నిద్ర పట్టదు, వెనకవైపు గది అడిగి తీసుకోండి. పిల్లలతో సరదాగా తిరగడానికి వచ్చేవాళ్ళకి ఇది చెప్పను. సరుకు చూడ్డానికి వచ్చేవాళ్ళకి మాత్రం మార్కెట్‌కి నడిచి వెళ్ళగలిగే మంచం కంటే మంచిది దొరకదు.

నేను నాసిక్‌లో ఒక వైనరీ ల్యాబ్‌లో ఎనిమిదేళ్ళు చేసి వచ్చాను. మావయ్యకి కొత్తపేట దగ్గర కొబ్బరితోట, అందులో అంతరపంటగా అరటి. "పళ్ళు మన గుమ్మంలో ఉంటే ఎవరి పళ్ళకో చాకిరీ ఎందుకే అమ్మాయ్" అని ఈ ఆలోచన ఎత్తింది ఆయనే. ద్రాక్ష ఇక్కడ పనికిరాదని ముందే తెలుసు. కాయ పండే రోజుల్లో దానికి పొడిగాలి కావాలి, డెల్టా తేమలో బూజు తెగుళ్ళు వదలవు. కాబట్టి మేం వెతికింది అరటి, సపోటా, పంపర పనస లాంటి పళ్ళతో వైన్ చేసే చిన్న వైనరీకి చోటు. ఏడాదికి ఏడెనిమిది వేల లీటర్లు, అంతే.

మార్కెట్‌లో నాకు మొదట తెలిసొచ్చింది, అక్కడ అమ్మేవన్నీ పచ్చిగెలలని. దూరం వెళ్ళే సరుకు పచ్చిగానే పోవాలి కదా. కర్పూరం, చక్కెరకేళి, అమృతపాణి ఏది కొన్నా మగ్గబెట్టుకోవడం మన పనే. కార్బైడ్‌తో మగ్గబెట్టడం చట్టవిరుద్ధం, ఇథిలీన్ వాయువుతో మగ్గబెట్టే గది కావాలి. నా లెక్కలో ఆ గది లేదు. మావయ్య తెలిసిన వ్యాపారిని అడిగితే, "మా గదిలో పెట్టుకోండి, అద్దె మాట్టాడుకుందాం, ఆయ్" అన్నాడాయన. గెల విరిగి అత్తాలు విడిపోయినవి, మచ్చపడ్డవి విడిగా చవగ్గా పోతాయని కూడా ఆయనే చెప్పాడు. వైన్‌కి తొక్క అందం అక్కర్లేదు, లోపల కుళ్ళు లేకపోతే చాలు. ఈ ఒక్క పొద్దు కోసమైనా రావులపాలెం వెళ్ళాల్సిందే.

నా సంచిలో రసంలో తీపి కొలిచే రిఫ్రాక్టోమీటరు, పులుపు కొలిచే పీహెచ్ మీటరు పెట్టుకున్నాను (పీహెచ్ అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ). లైసెన్సు లేకుండా పరీక్ష కోసమైనా సారా గుణం వచ్చేదాకా పులియబెట్టడం నేరం, అందుకని రసం కొలిచి ఊరుకున్నాను. మాగిన కర్పూరం గుజ్జు తీపి బ్రిక్స్ 22 చూపించింది, అంటే నూరు గ్రాముల్లో దాదాపు 22 గ్రాముల చక్కెర. వినడానికి ద్రాక్షకి సమానమే. కానీ ఆ గుజ్జు ట్యాంకులో కదలదు. గుజ్జుని చిక్కగా పట్టి ఉంచే పెక్టిన్‌ని విరిచే ఎంజైము వేసి, దాదాపు సమానంగా నీళ్ళు కలపాలి. తీపి సగానికి పడిపోతుంది. మళ్ళీ పైకి తేవాలంటే వెయ్యి లీటర్లకి నూరు కిలోల పైచిలుకు పంచదార. లీటరుకి సుమారు 17 గ్రాముల చక్కెర ఒక శాతం ఆల్కహాల్ అవుతుంది, ఈ లెక్క తప్పించుకోలేం. పులుపూ చాలదు. అరటి పీహెచ్ ఐదుకి దగ్గర్లో ఉంటుంది, వైన్‌కి మూడున్నర దాకా దించాలి, లేకపోతే చెడగొట్టే సూక్ష్మజీవులు ముందు పని మొదలెడతాయి.

రెండో రోజు అంబాజీపేట. పొద్దున్నే పనసాకు బుట్టల్లో ఉడికిన పొట్టిక్కలు, మీద నెయ్యి, పక్కన కొబ్బరి పచ్చడి. ఆ చిన్న హోటల్లో కూర్చోడానికి చోటు తక్కువ, నిలబడి తిన్నా దిగులు లేదు. ఇక్కడి ఉద్యాన పరిశోధన కేంద్రం నుంచే గోదావరి గంగ కొబ్బరి హైబ్రిడ్ వచ్చింది, మావయ్య తోటలో పది చెట్లున్నాయి. నా పని మాత్రం పంపర పనసతో. అరటికి లేని పులుపు దీనికి ఉంది. రెండూ కలిపితే కొనే ఆమ్లం ఖర్చు తగ్గుతుందని నా ఆశ. తొనల మీది తెల్లపొర ఏమాత్రం పడినా చేదెక్కుతుంది, చేత్తో ఒలిచే మనుషులు కావాలి. కూలి లెక్కలో రాసుకున్నాను. సపోటాతో చేయొచ్చా అని అనుమానపడేవాళ్ళకి, మహారాష్ట్రలో బోర్డీ దగ్గర హిల్ జిల్ వాళ్ళు ఫ్రుజాంటే పేరుతో చేసి అమ్మి చూపించారు.

మూడో రోజు రాజోలు వైపు. స్థలం ఒకటి చవగ్గా వస్తుందన్నారు, చూశాం. రోడ్డు బాగుంది, చుట్టూ రొయ్యల చెరువులు. బోరు నీళ్ళు నోట్లో వేసుకుంటే ఉప్పదనం నాలుకకే తెలిసింది. నీళ్ళలో కరిగిన లవణాలు కొలిచే టీడీఎస్ మీటరు 1,900 చూపించింది. వైనరీలో నీళ్ళు పంటకి కాదు, కడగడానికి. లీటరు వైన్‌కి ఐదారు లీటర్ల నీళ్ళు పోతాయని పెట్టుకోవాలి. క్లోరైడ్ ఎక్కువున్న నీళ్ళు 304 రకం స్టీలుకి చిల్లులు పెడతాయి, 316 రకం కొనాలంటే ట్యాంకు ధర బాగా పెరుగుతుంది. స్థలంలో మిగిలింది స్టీలులో పోతుంది. వద్దనుకుని బయటికొచ్చాం.

ఆ రాత్రి కొబ్బరితోట మధ్య ఒక హోంస్టేలో దిగాం, పేరు రాయను. ఫోటోల్లో కాలువ గట్టు మీద ఉంది, నిజానికి కాలువ రెండు సందుల అవతల. చేపల పులుసు మాత్రం ఇంటి వంటే, ఆ ఒక్కదానికి మనసారా దండం పెట్టాను. రాత్రి మూడు గంటలపాటు కరెంటు పోయింది. జనరేటర్ వేయడానికి విడిగా డబ్బు అడిగారు, బుక్ చేసినప్పుడు ఆ మాట లేదు. చెమటలో కూర్చుని నేను ఆలోచించింది మా ట్యాంకుల గురించే.

ఎందుకంటే పులిసేటప్పుడు వేడి పుడుతుంది. బ్రిక్స్ 20 ఉన్న రసం తన వేడి బయటికి పోనివ్వకపోతే మొదట ఉన్నదానికంటే 25 డిగ్రీలకి పైగా వేడెక్కుతుంది. మన దగ్గర రసం 30 డిగ్రీల దగ్గరే మొదలవుతుంది. 40 దాటితే ఈస్ట్ చస్తుంది, పళ్ళ వాసనంతా అంతకుముందే ఎగిరిపోతుంది. 20 డిగ్రీల దగ్గర పట్టి ఉంచాలంటే చుట్టూ చల్లటి నీళ్ళు తిరిగే జాకెట్ ట్యాంకు, ఆ నీళ్ళని చల్లబరిచే చిల్లరు యంత్రం, కరెంటు పోతే దాన్ని నడిపే జనరేటరు. డెల్టాలో పండు కొనడం తేలిక, దాన్ని చల్లగా ఉంచడమే పెట్టుబడి. నాసిక్ శీతాకాలపు రాత్రులు ఉచితంగా ఇచ్చేదాన్ని ఇక్కడ మనం కొనుక్కోవాలి.

మర్నాడు దిండిలో ఏపీ టూరిజం రిసార్ట్. కిటికీ తీస్తే వశిష్ఠ గోదావరి, పక్కనే హౌస్‌బోట్లు కట్టేసి ఉన్నాయి. పనిమీద తిరిగేవాళ్ళకి మార్కెట్లకి దూరమే కానీ, కాగితాలు పరుచుకుని లెక్క కట్టడానికి ఇంత ప్రశాంతమైన చోటు మాకు దొరకలేదు. కుటుంబంతో వెళ్ళేవాళ్ళు రెండు రాత్రులు ఉండేలా చూసుకోండి.

ఆ వరండాలోనే నాకు ధైర్యం వచ్చింది. నాసిక్‌లో ద్రాక్ష కోత జనవరి నుంచి మార్చి వరకు. పులియబెట్టే ట్యాంకులకి ఆ మూడు నెలలే పని. అరటి ఏడాది పొడవునా వస్తుంది. వెయ్యి లీటర్ల ట్యాంకులో నురగకి చోటొదిలి 800 నింపి, నెలకోసారి ఖాళీ చేస్తే పది నెలల్లో 8,000 లీటర్లు. మడ్డి తీసేయగా 7,000 మిగిలినా 9,300 సీసాలు. అంటే పులియబెట్టడానికి ఒక్క జాకెట్ ట్యాంకు చాలు, ఆపైన తేర్చి నిల్వ ఉంచే ట్యాంకులు. సీసా 30 రూపాయలనుకుంటే 2,79,000. దాని మీద 18 శాతం జీఎస్టీ మరో యాభై వేలు. మద్యం జీఎస్టీ పరిధిలో లేదు కాబట్టి ఆ యాభై వేలు తిరిగి రాదు. ట్యాంకులకీ చిల్లరుకీ కట్టేదీ అంతే. జామ్ మీద జీఎస్టీ ఉంది కాబట్టి కొన్నప్పుడు కట్టింది వాళ్ళు అందులో సర్దుకుంటారు. అందుకే జామ్ ఫ్యాక్టరీ పెట్టినవాళ్ళు చెప్పే లెక్కలు మనకి సరిపడవు, ఇది గట్టిగా చెబుతున్నాను.

ఎదుర్లంక వంతెన దాటి యానాం వెళ్ళాం. 1954 దాకా ఫ్రెంచివాళ్ళ చేతిలో ఉన్న ఊరు, ఇప్పుడు పుదుచ్చేరిది. ఎక్సైజ్ చట్టం వేరు, అక్కడ కొన్న సీసాని ఇటు తేకూడదు. ఒక షాపులో వైన్ సీసాలు ఎండ తగిలే అద్దం వెనక నిలబెట్టి ఉన్నాయి. ముట్టుకుంటే గోరువెచ్చగా ఉన్నాయి. నెలల తరబడి అలా ఉంటే ఎంత బాగా చేసినా లోపలిది పాడవుతుంది. ఆంధ్రలో మన సరుకు ప్రభుత్వ బెవరేజెస్ కార్పొరేషన్ గోదాముకి వెళ్ళి, అక్కణ్నుంచి షాపుకి చేరాలి. ఆ దారిలో ఎన్ని చోట్ల చల్లదనం ఉంటుందో మన చేతిలో లేదు. అందుకే మొదటి ఏడాది వేసవిలో సరుకు పంపకూడదని రాసుకున్నాను.

రాజమండ్రికి వెళ్ళే దారిలో ద్రాక్షారామం బోర్డు చూసి మావయ్య కారు నెమ్మది చేశాడు. "పేరులో ద్రాక్ష ఉంది కదే" అన్నాడు. అది దక్షుడి ఆరామమని చెప్పాను. భీమేశ్వరుడికి దండం పెట్టుకుని కదిలాం.

రాజమండ్రిలో రెండు పనులు. స్టీలు ట్యాంకులు చేసే షెడ్డు యజమాని జాకెట్ ట్యాంకుకి రెండు లక్షల ఇరవై వేలు చెప్పాడు. పాల ట్యాంకులు చేసిన చెయ్యి, అతుకులు లోపల నున్నగా తీశాడు. వేలితో తడిమి చూశాను, గరుకు లేదు. గరుకున్న చోట మడ్డి పట్టి బాక్టీరియా కాపురం పెడుతుంది. ఇక ప్రాజెక్టు రిపోర్టుకి ముందే డబ్బు కట్టిన కన్సల్టెంటు దగ్గర మనసు విరిగింది. నలభై పేజీల్లో ఎక్కడా అరటి మాట లేదు, ఎకరానికి ద్రాక్ష దిగుబడి ఉంది. బ్యాంకు వాళ్ళకి అది చూపిస్తే మా పరువేం కావాలి? డబ్బు వెనక్కి రాలేదు. రిపోర్టు రాయించేవాళ్ళు ముందు మీ పండు పేరు పెట్టి ఒక్క పేజీ రాయమనండి, తర్వాతే అడ్వాన్సు ఇవ్వండి.

ఆఖరి పూట కొత్తపేట దగ్గర రెండో స్థలం చూశాం. బోరు టీడీఎస్ 310. లంక భూమి ఇంకా చవకే, కానీ 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక దాటినప్పుడు లంకలు ఎలా ఉన్నాయో చూసినవాళ్ళం. ఇది గట్టు ఇవతల, రోడ్డు కంటే మూడడుగుల ఎత్తు. మావయ్య కొబ్బరిమట్టతో నేల కొలిచి ఇరవై సెంట్లు చాలన్నాడు.

కార్తీకంలో అరటి ధర బాగా పెరుగుతుంది. ఆ రేటుకి లెక్క నిలబడుతుందో లేదో చూడ్డానికి అప్పుడు మళ్ళీ రావులపాలెం వెళ్తాం. లాడ్జిలో వెనకవైపు గది ఇప్పుడే చెప్పి వచ్చాను.