శ్రీశైలం దారిలో వెనక సీట్లకు అందని ఏసీ గాలి

మే నెలలో హైదరాబాద్ నుంచి కారులో శ్రీశైలం వెళ్లదలచినవారు బసతో పాటు వెనక సీట్ల ఏసీ సంగతి కూడా బయలుదేరే ముందే చూసుకోవాలని నా గట్టి అభిప్రాయం. ఎందుకంటే దాదాపు 210 కిలోమీటర్ల ఈ దారిలో కల్వకుర్తి దాటాక మరమ్మతు దుకాణాలు పలచబడతాయి. మన్ననూరు తర్వాత అంతా నల్లమల అడవే.

మా ఏడు సీట్ల కారులో వెనకవారి కోసం విడిగా కూలింగ్ కాయిల్, బ్లోయర్ ఉన్నాయి. కడ్తాల్ దాటేసరికి మధ్య వరుసలో ఉన్న అమ్మ చీర కొంగుతో విసురుకోవడం మొదలుపెట్టింది; ముందు సీట్లలో మాత్రం చల్లదనానికి లోటు లేదు. కల్వకుర్తిలో మేము ఆగిన మొదటి ఏసీ దుకాణంవారు గ్యాస్ పీడనం చూసే మీటరైనా తగిలించకుండానే గ్యాస్ నింపాలన్నారు. ముందు, వెనక కాయిళ్లలో తిరిగేది ఒకే గ్యాస్ కాబట్టి అది తగ్గితే ముందు కూడా చల్లదనం తగ్గాలి. పైగా అప్పుడు గాలి వెచ్చబడుతుందే తప్ప సాధారణంగా దాని జోరు తగ్గదు; మాకేమో వెనక గాలే అందడం లేదు. అందుకే మేము ఒప్పుకోలేదు.

ఆ పక్కనే ఉన్న ఆటో ఎలక్ట్రీషియన్ వెనక బ్లోయర్ స్విచ్‌ను ఒక్కొక్క అంకె మీదా పెట్టి చూశాడు. మూడు వరకు చలనం లేదు, నాలుగులో తిరిగింది. "ఫ్యూజు పోతే నాలుగులోనూ తిరగదు సార్, రెసిస్టర్ పోయింది" అన్నాడు. బ్లోయర్‌ను తక్కువ వేగాల్లో తిప్పడానికి కరెంటు తగ్గించే భాగం అది. నాలుగులో కూడా గాలి చాలకపోవడంతో డిక్కీలోని సంచులు జరిపించి, పక్క ప్యానెల్‌లో బ్లోయర్ గాలి పీల్చుకునే జాలీకి పేరుకున్న దుమ్మును బ్రష్‌తో దులిపాడు. చేతిలోని రసీదు కాగితాన్ని దగ్గర పెట్టగానే అది జాలీకి అతుక్కుపోయింది. పైకప్పు నుంచి అమ్మ ముఖానికి గాలి తగిలింది.

విడిగా బ్లోయర్ లేని కార్లలో ముందుగా డ్యాష్‌బోర్డులో గాలి దిశ మార్చే మీటను ముఖం వైపు పెట్టి, క్యాబిన్ ఫిల్టర్ చూడాలి. గంట ప్రయాణం తర్వాత గాలి క్రమంగా సన్నగిల్లితే కాయిల్ మీద మంచు కట్టిందేమోనని అనుమానించి, ఏసీ ఆపి ఫ్యాన్ మాత్రమే కాసేపు నడపాలి.

మన్ననూరు చెక్‌పోస్టును రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు మూసివేస్తారు గనుక మరమ్మతుకు ఆగేవారు ఆ సమయాన్ని లెక్కలో ఉంచుకోవాలి. శ్రీశైలంలో కుల సత్రాలు చవకే అయినా, పెద్దవారు వెంట ఉంటే ఆలయానికి నడిచి వెళ్లగలిగే దేవస్థానం సదనాలే మేలు. గదిని మాత్రం ముందే ఖాయం చేసుకోవాలి.

తిరుగు ప్రయాణానికి ఆ ఎలక్ట్రీషియన్ రెసిస్టర్ తెప్పించి ఉంచాడు. కొత్తది బిగించి, నాలుగు వేగాలూ మా ఎదుట నడిపి చూపించి, కాలిన పాతదాన్ని మా చేతికిచ్చిన తర్వాతే డబ్బు తీసుకున్నాడు.