కష్టంలో ముందు బైబిల్లో ఏది చదవాలి: యాకోబు పత్రికా, 13వ కీర్తనా?

ఒడిశాలోని పర్లాకిమిడి వైపు తెలుగు క్రైస్తవుల్లో పరామర్శకు వెళ్లేవాళ్లు చాలామంది యాకోబు పత్రిక (లేఖ) మొదటి అధ్యాయమే తెరుస్తారు. శోధనలు, అంటే కష్టాలు, ఓర్పు పుట్టిస్తాయి, ఆనందించండి అంటుందది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పర్లాకిమిడి ఉన్న గజపతి జిల్లాను ముంచెత్తినప్పుడు, పైకప్పు లేచిపోయిన ఇంట్లో తడిసిన బియ్యం ఆరబోసుకుంటున్న మనిషికి ఆ మాట చెప్పడానికి నోరెలా వస్తుంది?

13వ కీర్తనలో ఆరే వచనాలు. ఎన్నాళ్లు మరచిపోతావని దేవుణ్ణే నిలదీస్తుంది, చివరికి పాట పాడుతుంది. ఏడవడం అవిశ్వాసం కాదని ధైర్యమొస్తుంది.

అలాగని యాకోబును పక్కన పెట్టలేం. తర్వాత అప్పులు, రోజుకో టెన్షన్ మొదలయ్యాక అదే నిలబెడుతుంది. జ్ఞానం కొదువైతే అడగమనే ఐదో వచనం అప్పుడే అక్కరకొస్తుంది (దాన్ని చాలామంది దాటేస్తారు). మొదటి వారం మాత్రం నా ఓటు కీర్తనకే.