ఉమ్మెత్తా, గన్నేరా: ఏది ఎక్కువ ప్రమాదం?

వినాయకచవితికి శ్రీకాకుళం బజారులో కొనే 21 రకాల పత్రిలో ఈ రెండూ ఉంటాయి. దత్తూరమంటే ఉమ్మెత్త, కరవీరమంటే గన్నేరు. దేవుడికి పెట్టేదే కదా అని పిల్లలు నోట్లో పెట్టుకుంటారేమోనని నా భయం.

ఉమ్మెత్త గెడ్డ గట్ల మీద, పెంటకుప్పల దగ్గర దానంతటదే మొలుస్తుంది. ఆకులో, ముళ్లకాయ గింజల్లో అట్రోపిన్, స్కోపోలమిన్ అనే విషాలు ఉంటాయి. సాధారణంగా గంటలోపే నోరు ఎండిపోతుంది, కంటిపాపలు పెద్దవవుతాయి, చెమట పట్టక ఒళ్లు కాలిపోతుంది. ఆ తర్వాత లేని మనుషులతో మాటలు, గాల్లో ఏదో పట్టుకోబోవడం. దెయ్యం పట్టిందనుకుని మంత్రం వేయిస్తే విలువైన సమయం పోతుంది. మత్తు కోసం కావాలని తినే కుర్రాళ్లూ ఉంటారు. బాబూ, ఒక కాయలో ఉన్నంత విషమే ఇంకో కాయలో ఉండదు. ఆ భ్రాంతి ఒక్కోసారి రెండు రోజులైనా వదలదు.

గన్నేరు దెబ్బ గుండె మీద. వాంతులు, కడుపునొప్పి, ఆపైన నాడి నెమ్మదించి గతి తప్పుతుంది. మనిషి మామూలుగా మాట్లాడుతూనే ఉండొచ్చు, అందుకే నాకు దీన్ని చూస్తేనే ఎక్కువ భయం. ఎండబెట్టినా ఉడికించినా విషం పోదు. విచిత్రమేమిటంటే, ఇలా నెమ్మదించిన గుండెకి డాక్టర్లు ఇచ్చే మందుల్లో అట్రోపిన్ ఒకటి. అలాగని ఇంట్లో ఉమ్మెత్త రసం పోస్తే విషం మీద విషమే.

ఏది తిన్నా వెంటనే 108కి ఫోన్ చేయండి. ఉప్పునీళ్లతో వాంతి చేయించొద్దు. తిన్న ఆకో కాయో సంచిలో వేసి ఆసుపత్రికి పట్టుకెళ్లండి.