హన్మకొండ నుంచి మాండవి నది దాకా: పోకర్ కోసం గోవా

మా ఇంట్లో పోకర్ చింతగింజలతో ఆడుతాం. దసరా సెలవుల్లో హన్మకొండలో మా మేడ మీద ఆరుగురం చేరితే ఒక్కొక్కరికి వంద గింజలు. పైసలు పెట్టం. రమ్మీ ముఖ్యంగా నైపుణ్యం మీద నడిచే ఆట అని 1968లో సుప్రీంకోర్టు చెప్పింది సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్ కేసులోనే. అయినా 2017లో మన రాష్ట్రం గేమింగ్ చట్టాన్ని సవరించాక పందెంతో ఆడే రమ్మీకి కూడా మినహాయింపు పోయింది, ఇక పోకర్ మాట అడగక్కర్లేదు. ఆన్‌లైన్‌లో పైసలతో ఆడే దారిని 2025లో కేంద్రం మూసేసింది. మంచి డీలర్ ముక్కలు పంచే నిజమైన టేబుల్ దగ్గర కూర్చోవాలని నాకు ఏళ్లుగా కోరిక. అందుకే సంక్రాంతి అయ్యాక మా బావను వెంటబెట్టుకుని బయల్దేరాను.

కాజీపేట నుంచి సికింద్రాబాద్, అక్కడి నుంచి వాస్కోడగామా రైలు. అది వారానికి రెండు రోజులే, బెర్తులు ముందే చూసుకోవాలి. దూద్‌సాగర్ జలపాతం చీకట్లోనే దాటిపోయింది. తెల్లవారి మడ్గాంలో దిగి కదంబ బస్సులో పణజి చేరాం.

బస పణజిలోనే తీసుకోండి, ఈ మాట గట్టిగా చెప్తున్నా. కలంగుట్ వైపు గదులు బాగుంటాయి, బీచ్ పక్కనే. కానీ ఆట ముగిసేది రాత్రి రెండుకో మూడుకో. గోవాలో ఓలా, ఉబర్ తిరగవు, ఆ వేళప్పుడు టాక్సీవాళ్లు చెప్పిందే రేటు. మేము ఫోంటైన్యాస్ దగ్గర పాత ఇంట్లో నడిపే చిన్న లాడ్జిలో దిగాం. గది ఇరుకు, వేడినీళ్లు బకెట్‌లో తెచ్చిచ్చారు, కానీ పడవలు ఎక్కే రేవు నడిచిపోయేంత దూరం. పొద్దున కింద హోటల్లో భాజీ పావ్ తిన్నాం. మూడో రోజుకు మాత్రం బావకు పచ్చిపులుసు యాదికొచ్చింది.

గోవాలో డీలర్ ముక్కలు పంచే ఆటలకు చట్టం ఇచ్చిన చోటు మాండవి నదిలో నిలిపిన కాసినో నౌకలే. ఒడ్డున స్టార్ హోటళ్లకు అనుమతి ఇచ్చింది యంత్రాల ఆటలకే. 21 ఏళ్లు నిండాలి, గుర్తింపు కార్డు అసలుదే చూస్తారు. 2020 నుంచి గోవావాసులను లోపలికి రానివ్వడం లేదు, అంటే టేబుల్ చుట్టూ కూర్చునేవాళ్లంతా మనలాంటి బయటివాళ్లే.

మొదటి రాత్రి పెద్ద నౌక ఎక్కాం. టికెట్‌లోనే భోజనం, డ్రింక్స్, కొన్ని చిప్స్ (పైసలకు బదులు పందెంలో పెట్టే బిళ్లలు) కలిపి ఇచ్చారు. ఆ చిప్స్‌తో ఆడుకోవచ్చు గానీ వాటిని నగదుగా మార్చుకోలేం. బఫే బాగుంది, చేపల వేపుడు బావ మూడుసార్లు వేయించుకున్నాడు. పోకర్ మాత్రం నిరాశే. ఎనిమిదికి టేబుల్ మొదలవుతుందని ఫోన్‌లో చెప్పారు, పదకొండైనా నలుగురు దొరకలేదు. చివరికి మొదలైనా స్టేజీ మీద డాన్సు, పాటల హోరు. పక్కవాడు ఎంత పెంచాడో డీలర్ రెండుసార్లు చెప్తే గానీ వినబడలేదు. పోకర్‌లో ఎదుటివాడి ఊపిరి కూడా లెక్కలోకే వస్తుంది, అక్కడ ఆ వీలే లేదు.

రెండో రాత్రి వేరే నౌక, దీనికంటే చిన్నది. పై అంతస్తులో తలుపు వేసిన గది, రెండే టేబుళ్లు. బ్లైండ్స్, అంటే ముక్కలు చూడకముందే ఇద్దరు తప్పనిసరిగా వేసే పందెం, 50–100. నేను 10,000తో కూర్చున్నాను. పాట్‌లో, అంటే మధ్యలో పోగైన పందెంలో, 5 శాతం ఒక పరిమితి దాకా గదివాళ్లు కోసుకుంటారని డీలరమ్మ ముందే చెప్పింది. క్యాషియర్ దగ్గర ఇంకోటి అడగండి: చిప్స్ మీద జీఎస్టీ 2023 అక్టోబర్‌లో 28 శాతం అయింది, 2025 సెప్టెంబర్ నుంచి 40. మీరు కట్టిన పైసల్లో ఎంత చిప్స్‌గా చేతికి వస్తుందో తెలుసుకున్నాకే కార్డు గీయండి. మాకు ఓపికగా కాగితం మీద రాసి చూపించారు.

బావ పక్కన కూర్చుని కాసేపు చూసి, "ముక్క ఎత్తుడు, పారేసుడు లేనిది ఏం ఆటరా బామ్మర్దీ?" అన్నాడు. రమ్మీ చేతితో వచ్చినవాళ్లందరికీ మొదట అట్లనే ఉంటుంది. ఇందులో పారేయాల్సింది మొత్తం చెయ్యే, అదీ ఎప్పుడో తెలియాలి.

నా ఎదురుగా నెరిసిన మీసాలాయన. బావ నాతో మాట్లాడింది విని, "మనది ఏ ఊరు తమ్మీ?" అన్నాడు. హన్మకొండ అన్నాను. "మాది గోదావరిఖని." అంతలో డీలరమ్మ నవ్వుతూనే, ఆట నడుస్తుండగా ఇంగ్లిష్, హిందీ తప్ప వేరే భాష వద్దంది. అది న్యాయమే, ఆ నియమం లేకపోతే ఇద్దరు తెలుగువాళ్లం కలిసి మిగతావాళ్లను మోసం చేయొచ్చు.

ఆ తర్వాత కాసేపటికి నాకు రెండు ఎనిమిదులు వచ్చాయి, ఇస్పేటు, డైమన్. అందరికీ ఉమ్మడిగా టేబుల్ మీద పరిచే ఐదు ముక్కల్లో మొదట ఆఠీను రాజు, ఆఠీను ఎనిమిది, కళావరు మూడు పడ్డాయి. జత చేతిలో ఉన్నా మూడోది ఇట్లా పడేది సుమారు ఎనిమిది, తొమ్మిదిసార్లలో ఒక్కసారి. 800 వేశాను, ఆ మీసాలాయన ఒక్కడే అంతే వేసి వచ్చాడు. నాలుగో ముక్క కళావరు జాకీ. 2,000 వేశాను, మళ్లీ వచ్చాడు. ఆఠీన్ల కోసం చూస్తున్నాడేమో అనుకున్నా, అవి ఐదు కూడితే నా మూడు ఎనిమిదులను కొట్టేస్తాయి. అదే అయితే ఆయనకు తెలియని 46 ముక్కల్లో 9 పనికొస్తాయి. చివరి ముక్క ఆఠీను ఐదు. అప్పటిదాకా చిప్స్‌ను గలగలలాడిస్తూ కూర్చున్న ఆయన చెయ్యి ఆగిపోయింది. 5,000 ముందుకు తోశాడు, గ్లాసులో నీళ్లు తాగలేదు, నా వైపు చూడలేదు. నాకు టెన్షన్‌తో చెవులు వేడెక్కాయి. రెండు నిమిషాలు ఆలోచించి నా చేతిలోని రెండు ఎనిమిదులూ చూపించి పారేశాను. ఆయన లేచి నాతో చెయ్యి కలిపి, తన ఆసు, పది తిప్పి చూపించాడు. రెండూ ఆఠీన్లే.

ఆ రాత్రి లేచేసరికి నా దగ్గర 8,400 మిగిలాయి. ఆట కోసమే వెళ్లేవాళ్లకు నా మాట: చిన్న నౌక, మామూలు రోజు, రాత్రి తొమ్మిది దాటాక. శని, ఆదివారాల్లో ప్రవేశం ధర ఎక్కువ, రద్దీ కూడా. వేడుక కోసం ఇంట్లో 21 నిండినవాళ్లంతా కలిసి వెళ్తే పెద్ద నౌక బాగుంటుంది, భోజనానికే వెళ్లొచ్చు.

తిరిగి వచ్చే పడవలో గోదావరిఖని అన్న మా పక్కనే కూర్చున్నాడు. మా మేడ గురించి చెప్పాను. దసరాకు వస్తానన్నాడు. అమ్మకు చెప్పి ఇంకో వంద గింజలు తీసిపెట్టించాలి.